నూనె దుకాణం కోడలి మొహం

నాకు మొటిమలు రావలసిన వయసులో రాలేదు. తొర్రూరు బడిలో నా ఈడు ఆడపిల్లలందరి మొహాలూ ఆవాలు చల్లినట్టు ఉంటే నా మొహం మాత్రం నున్నగా ఉండేది. దాని గురించి నాకు కొంచెం పొగరు కూడా ఉండేది, ఇప్పుడు దాచడమెందుకు. ఆ పొగరంతా ఇరవై ఎనిమిదో ఏట దిగిపోయింది. అప్పటికి పెళ్ళయి ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పాలు మరిచిన కొద్ది నెలలకు నుదుటి మీద మొదలయ్యాయి. అక్కడి నుంచి కణతలకు, చెంపలకు, గడ్డం కిందికి పాకాయి. చిన్నా చితకా కావు. లోపల గింజ దాచుకున్నట్టు గట్టిగా ఉండి, దిండు తగిలినా సలిపేవి.

"ఇద్దరు పిల్లలను కన్నంక ఇప్పుడు ఈడుకొచ్చినవా పిల్లా?" అని పక్కింటావిడ పళ్ళికిలించింది.

"నీ అంత తొందర లేకుండె అక్కా నాకు" అన్నాను. నోరు ఊరుకునే రకం కాదు నాది. కానీ లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడితే ఆ నోరు పడిపోయేది. మొటిమలు పదహారేళ్ళ పిల్లలకు వస్తే అందరూ ముచ్చటగా నవ్వుతారు. ముప్పైకి దగ్గరపడ్డ దానికి వస్తే, ఏదో తప్పు చేసి పట్టుబడినట్టు చూస్తారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ చూపే.

డెబ్బైల చివరి మాట ఇది. వరంగల్ బజారులో మాది నూనెల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. నువ్వుల నూనె, పల్లి నూనె, కొబ్బరి నూనె, ఆముదం డబ్బాలు వరసగా ఉండేవి. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. అప్పటి నుంచి దుకాణంలో కూర్చునేది మా అత్తమ్మే. మా ఆయన ఊళ్ళు తిరిగి సరుకు తెచ్చేవాడు. నేను లోపలి వైపు పీట వేసుకుని, గరాటు పెట్టి గిరాకీల సీసాలు నింపేదాన్ని.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు ఎండిన తలతో దుకాణంలో అడుగు పెట్టకూడదు. "మన తలలు చూసి మంది నూనె కొంటరు. మనమే తల ఎండబెట్టుకుంటే ఎవలు నమ్ముతరు?" అనేది అత్తమ్మ. ఆమె మాటలో అబద్ధం లేదు. ధర్మసాగర్ నుంచి వచ్చే ఆడవాళ్ళు నా జడ వైపు వేలు చూపించి, "గా పిల్ల పెట్టుకునే నూనెనే పొయ్యి" అని అడగడం నేను ఎన్నిసార్లు విన్నానో. పేరుకు పైన రేకు బోర్డు ఉండేది గానీ, అసలు బోర్డు నా జడే.

అందుకని రోజూ పొద్దున్నే, దుకాణం తలుపులు తీయకముందు, అత్తమ్మ నన్ను వెనక వాకిట్లో మెట్టు మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టేది. చిన్న ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, నడినెత్తిన పుడిసెడు పోసి, రెండు చేతులతో మర్దన చేసేది. అంతా అయ్యాక అరచేతుల్లో మిగిలిన నూనెను నా నుదుటికి, చెంపలకు తుడిచేది. "మంచి సరుకు, బట్టకు తుడిస్తే పాపం" అనేది. పగలంతా ఆమె మాట గరుకు. గరాటు పక్కకు జరిగినా, చుక్క కింద పడినా, అరుపే. కానీ ఆ పావుగంట మాత్రం ఆమె వేరే మనిషి. నా తల మీద చెయ్యి ఆడుతున్నంతసేపూ తన చిన్ననాటి సంగతులు, మా ఆయన అల్లరి, ఏవేవో చెప్పేది.

మా అమ్మ నా ఆరో ఏట పోయింది. మా నాయన పత్తి తూకాల దగ్గర పనిచేసే మనిషి. నాకు రెండు జడలు వేయడం కష్టపడి నేర్చుకున్నాడు పాపం, అయితే ఆడపిల్ల తలను ఎంత గట్టిగా పట్టుకోవాలో ఆయనకు తెలియదు, భయం భయంగా ముట్టుకునేవాడు. అత్తమ్మ అలా కాదు. నా తలను తన సొంత సొత్తులా పట్టుకునేది. ఆ చెయ్యి కోసం ఆమె అరుపులన్నీ పడ్డాను. అత్తగారి మీద ఇంత ప్రేమ ఉందని నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే మా ఆయనే నమ్మేవాడు కాదు.

మొటిమలు చూసి అత్తమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "వేడి చేసింది బిడ్డా. చలువ జెయ్యాలె."

నాకూ అదే అనిపించింది. మా వైపు ఏది వచ్చినా వేడి చేసిందనే అంటారు. చలువ అంటే ఆముదం. ఆ రోజు నుంచి నువ్వుల నూనెకు తోడు సాయంత్రం నడినెత్తిన ఆముదం కూడా మొదలైంది. రేకుల కప్పు కింద మధ్యాహ్నం కూర్చుంటే అది కరిగి నుదుటి మీదికి, చెవుల పక్కగా చెంపల మీదికి జారేది. కొంగుతో తుడుచుకుంటూ సీసాలు నింపేదాన్ని. మొటిమలు ఎక్కువయ్యాయి. ఎక్కువయ్యాయి కాబట్టి వేడి ఇంకా తగ్గలేదని ఆముదం ఇంకా పెంచాం. ఇంత తెలివైన వైద్యం నూనె అమ్ముకునే మా కొంపలో తప్ప ఇంకెక్కడా జరిగి ఉండదు.

మధ్యలో నా సొంత తెలివి ఒకటి. శనగపిండి, పసుపు రుద్దాను. ఎవరో చెప్పారని పాలమీగడ పూశాను. ఇంకెవరో చెప్పారని పళ్ళు తోముకునే పేస్టు అద్దాను, అది మండి మచ్చ పడింది. ఇవన్నీ ఒక ఎత్తు, నా గోళ్ళు ఒక ఎత్తు. గిరాకీ లేనప్పుడు డబ్బాల చాటుకు వెళ్ళి, కొత్త డబ్బా మూతను అద్దంగా పెట్టుకుని, ఒక్కొక్కదాన్నే గిల్లేదాన్ని. చీము వస్తే ఏదో సాధించినట్టు ఉండేది. మూడో రోజుకు అక్కడ నల్లటి మచ్చ, దాని పక్కన కొత్తది ఇంకొకటి.

మా ఆయన చూడలేక మందుల దుకాణంలో అడిగి ఒక ట్యూబు తెచ్చాడు. డాక్టరు చీటీ ఏమీ లేదు, "మొహానికి మంచిదట" అన్నాడు, అంతే. పది రోజుల్లో నా మొహం పట్టుబట్టలా అయింది. ఆ పది రోజులు నేను పక్కింటావిడను కూడా క్షమించేశాను. మూడు నెలలు రాశాను. ఊరెళ్ళినప్పుడు ట్యూబు మరిచిపోయాను, నాలుగు రోజులు రాయలేదు. మొహం ఎర్రగా కంది, ఎండ తగిలితే మంటలు, మునుపు లేని చోట కూడా గుంపులు గుంపులుగా లేచాయి. మా ఆయన నేరం చేసినవాడిలా నిలబడ్డాడు. ఆయన్ని తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

ఆ రోజుల్లోనే ఒకామె చంటిపిల్లను చంకనేసుకుని నూనెకు వచ్చింది. సీసా అందించబోతూ నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మవారు పోసిందా?" అని అడిగింది.

"కాదు కాదు, మొటిమలు" అంది అత్తమ్మ గబగబా.

ఆమె వినలేదు. పిల్ల మొహం మీద కొంగు కప్పి, ఎదురు దుకాణానికి వెళ్ళిపోయింది. అత్తమ్మ చేతిలో కొలత గ్లాసు అలాగే ఉండిపోయింది. తల కొట్టేసినట్టయింది నాకు.

అత్తమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె మొహం నిండా గుంటలుండేవి. చెంపల మీద, కణతల దగ్గర, గడ్డం మీద, లోతుగా. అమ్మవారు పోసి అట్లా అయిందని ఇంట్లో అందరూ అనేవారు, ఆమె కూడా అదే చెప్పేది. ఆమె ఫొటో ఒక్కటీ మా ఇంట్లో లేదు. కొడుకు పెళ్ళి ఫొటోల్లో కూడా ఏదో పని ఉన్నట్టు పక్కకు తప్పుకుంది.

ఆ రోజు సాయంత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసింది. గొంతు బాగా తగ్గించి అడిగింది. "బిడ్డా, బోనాల నాడు పోచమ్మకు పెట్టకముందు ఏమన్న నోట్లేసుకున్నవా? నిజం చెప్పు, నేనేమనను."

నాకు ఒళ్ళు మండింది. "నేనేం తినలే అత్తమ్మా. నా మొహం గిట్లున్నదని తప్పు కూడ నా మీదనే ఏస్తానవా?"

"ఏస్తలేనే. ఊకెనే అడిగిన" అంది. ఆమె కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. మరునాడు పోచమ్మ శాంతించాలని పసుపునీళ్ళు సాక పోసి వచ్చింది. నన్ను మాత్రం, తగ్గేదాకా దుకాణంలోకి రావద్దు, లోపలే ఉండమంది.

లోపల కూర్చున్న వారం రోజుల్లో నాకు పిచ్చి లేచినంత పనైంది. మా ఆయన్ని పట్టుకుని, "చర్మాల డాక్టరు దగ్గరికన్నా తీస్కపో, లేకుంటే తొర్రూరు బస్సన్నా ఎక్కియ్యి" అన్నాను. హన్మకొండలో ఒక డాక్టరమ్మ ఉందని ఆయనకు ఎవరో చెప్పారు. స్కూటరు మీద వెళ్ళాం.

నడివయసు మనిషి, నెమ్మది మాట. భూతద్దం పెట్టి నా మొహమంతా చూసింది. ట్యూబు సంగతి చెబితే తల పట్టుకుని, "ఇంకెప్పుడూ అడక్కుండా అలాంటిది రాయకండి. పైకి నున్నగా చేసి లోపల చర్మాన్ని పలచబరుస్తుంది" అంది. తర్వాత అడిగింది. "తలకు ఏం పెడతారు?"

నేను కొంచెం గర్వంగానే చెప్పాను. పొద్దున నువ్వుల నూనె, సాయంత్రం ఆముదం, మిగిలింది మొహానికి.

ఆమె కలం కింద పెట్టేసింది. "రోజూనా?"

"రోజూ. మాది నూనె దుకాణమే."

ఆమె నవ్వలేదు. కాగితం మీద ఒక చిన్న గొట్టం బొమ్మ గీసి నాకు చూపించింది. చర్మంలో సన్నని రంధ్రాలుంటాయని, లోపల తయారయ్యే జిడ్డు వాటిలోంచి బయటికి రావాలని, దారి మూసుకుపోతే అక్కడే పేరుకుని వాస్తుందని చెప్పింది. ఇది కుర్రపిల్లలకే వచ్చేది కాదంది. కాన్పుల తర్వాత, నెలసరికి ముందు, ముప్పై దాటాక కూడా ఒంట్లో మార్పుల వల్ల చాలామందికి వస్తుందంది. "వేడి చేయడం కాదు, మీరు చేసిన తప్పూ కాదు. నూనె ఒక్కటే కారణమని నేననను. కానీ మూసుకుపోయిన దారి మీద మీరు రోజూ రెండుసార్లు మూత పెడుతున్నారు."

తప్పు కాదు అంది. ఏడాదిగా ఆ మాట ఎవరన్నా అంటారేమోనని చూస్తున్నానని అప్పుడే తెలిసింది.

పద్ధతి చెప్పింది. మొహం రోజుకు రెండుసార్లు, మెత్తటి సబ్బుతో, రుద్దకుండా కడగాలి. రాత్రి గంధకం కలిపిన లోషను పలచగా రాయాలి. కొన్నాళ్ళు గోళీలు. ఎండలోకి వెళితే కొంగు కప్పుకోవాలి, లేకపోతే మచ్చలు ముదురుతాయి. గోరు తగిలించవద్దు. "మచ్చ వేరు, గుంట వేరు. నల్లమచ్చ నిదానంగా పోతుంది. గిల్లి గిల్లి గుంట పడితే అది పోదు." మూడు నెలల దాకా అద్దాన్ని తొందర పెట్టవద్దంది. చివరికి, తలకు నూనె పూర్తిగా మానాలంది.

బయటికి వచ్చాక మా ఆయన స్కూటరు తీయకుండా నిలబడ్డాడు. "అమ్మకు ఎవలు చెప్తరు?"

"నీ అమ్మ, నువ్వే చెప్పు."

"నీ మొహం, నువ్వే చెప్పు" అన్నాడు.

ఎవరమూ చెప్పలేదు. చెబితే పొద్దుటి పావుగంట పోతుంది. చెప్పకపోతే మొహం పోతుంది. నాకు రెండూ కావాలి. రెండూ దక్కించుకుందామని దొంగదారి పట్టాను. పొద్దున అత్తమ్మ చేత నూనె పెట్టించుకునేదాన్ని. ఆమె దుకాణంలోకి వెళ్ళగానే మొహం కడిగేసేదాన్ని. రెండు రోజులకొకసారి, మధ్యాహ్నం ఆమె కునుకు తీసే వేళ చూసి, పెరట్లో కుంకుడుకాయలతో తలకు పోసుకుని, తడి జుట్టే గట్టిగా ముడేసి పైన కొంగు కప్పుకునేదాన్ని. నెల తర్వాత డాక్టరమ్మ చూసి, "సగం చెప్పినట్టు విన్నారు, సగమే తగ్గింది" అంది. ఆమె ముందు నాకు మొహం చెల్లలేదు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మకు కునుకు పట్టలేదు. పెరట్లోకి వచ్చేసరికి నేను తల వంచుకుని కుంకుడు నురగ పిండుతున్నాను. తూము దగ్గర నీళ్ళ మీద నూనె తెట్టు మెరుస్తోంది. పొద్దున ఆమె పెట్టిన నూనె అది.

"ఏం చేస్తానవే?"

దాచడానికి ఏముంది? అంతా చెప్పేశాను, డాక్టరమ్మ గీసిన బొమ్మతో సహా. ఆమె గోడ పట్టుకుని విన్నది.

"అంటే నా చెయ్యి పడ్తలేదా నీకు?"

"నీ చెయ్యి కాదు అత్తమ్మా. నూనె."

"నా చేతుల నూనె తప్ప ఏమున్నదే? మా అత్త పెట్టింది, నేను పెట్టిన. నూనె తోనే గద ఈ కొంప నిలవడ్డది. ఎన్నడన్న ఎవలకన్న నష్టం జరిగిందా? రోజూ నా ముంగట కూసొని పెట్టిచ్చుకొని, నా ఎనుక కడుక్కుంటానవ్. గిదా నువ్వు నాకిచ్చే ఇజ్జత్?"

ఆ చివరి మాట నిజం.

మరునాడు పొద్దున నేను అలవాటుగా మెట్టు మీద కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. నూనె వద్దు, కానీ ఆమె వస్తే బాగుండుననిపించింది. దుకాణం తలుపులు తీసిన చప్పుడైంది. అత్తమ్మ రాలేదు. ఆ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను, మా అమ్మ పోయిననాడు కూడా అంత ఏడవలేదు, అప్పుడు నాకు తెలివి లేదు.

ఆ తర్వాత మూడు నెలలూ ఆమె నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. "చెంబు ఇయ్యి." "పిలగాడు ఏడుస్తాండు, చూడు." అంతే. నాకూ పంతం వచ్చింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. మొదటి నెలలో లోషను వల్ల చర్మం పొట్టు రేగింది, మానేద్దామనుకున్నాను. రెండో నెలలో కొత్తవి రావడం తగ్గింది. చేతులు ఊరుకోకుండా మొహం మీదికి పోయేవి కాబట్టి, పని లేనప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరడం పెట్టుకున్నాను. మూడో నెలకు నుదురు చదునైంది. మచ్చలు ఉన్నాయి, కానీ నలుపు తగ్గి గోధుమ రంగుకు వచ్చాయి. పూర్తిగా పోయాయని చెప్పను. ఆ తర్వాత చాలా ఏళ్ళ దాకా నెలకొకసారి గడ్డం కింద ఒకటి లేచేది. దాన్ని దాని మానాన వదిలేయడం నేర్చుకున్నాను, నా స్వభావానికి అదే పెద్ద కష్టం.

నేను మళ్ళీ దుకాణంలో కూర్చున్నాను, నూనె లేని జడతోనే. అత్తమ్మ వద్దనలేదు. ఆమె నన్ను చూస్తోందని తెలుస్తూనే ఉండేది. గరాటు పట్టుకుని పక్కకు తిరిగితే ఆమె కళ్ళు నా కణతల మీద ఉండేవి. ఒక రోజు గిరాకీ లేని వేళ ఉన్నట్టుండి అంది. "నన్ను గా డాక్టరమ్మ తాన తీస్కపో."

కొట్లాటకే అనుకున్నాను. డాక్టరమ్మ మీద ఆమె నోరు పారేసుకుంటే ఎలా ఆపాలా అని రిక్షాలో దారి పొడుగునా ఫికరు పడ్డాను.

అత్తమ్మ కొట్లాడలేదు. కుర్చీ అంచున కూర్చుని, నా మొహం చూపించి, "నా కోడలును మంచిగ చేసినవమ్మా" అంది. ఆ తర్వాత తన చెంప మీద వేలు పెట్టుకుని, "ఇవేందో జర చూడు" అంది.

డాక్టరమ్మ దీపం దగ్గరికి జరిపి చాలాసేపు చూసింది. "చిన్నప్పుడు అమ్మవారు పోసిందా పెద్దమ్మా?"

"చిన్నప్పుడు కాదు. పెండ్లయినంక. పెద్దపిలగాడు పుట్టినంక ఏడాదికి."

"జ్వరం వచ్చిందా? ఒళ్ళంతా పోసిందా?"

"జరం రాలే. మొహానికే. ఒకటి తగ్గితే ఒకటి. ఏండ్లు ఉన్నయి."

"చేతులు చూపించండి. కాళ్ళు." చేతుల మీద, కాళ్ళ మీద ఒక్క మచ్చ లేదు. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నాకు తెలిసినంత వరకు ఇది అమ్మవారు కాదు పెద్దమ్మా. అమ్మవారు ఏళ్ళ తరబడి ఉండదు. మీ కోడలికి వచ్చినవే మీకూ వచ్చాయి. అప్పుడు చూసేవాళ్ళు లేక గుంటలు పడ్డాయి."

"ఇప్పుడు పోతయా?"

"పోవు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద గౌరవం కలిగింది, అదే క్షణంలో కోపం కూడా వచ్చింది.

అత్తమ్మ సరేనని తలూపి లేచింది. రిక్షా సగం దూరం వచ్చాక నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. పెద్దకొడుకు, అంటే మా ఆయన, పాలు తాగే రోజుల్లో, బోనాల నాడు, ఆకలికి ఓర్వలేక, పోచమ్మకు పెట్టకముందే ఒక బెల్లంముక్క నోట్లో వేసుకుందట. వాళ్ళ అత్త చూసింది. ఆ తర్వాత కొన్ని నెలలకు మొహం మీద లేచాయి. తప్పు చేసినవు, తల్లికి కోపం వచ్చిందని వాళ్ళ అత్త అంది. ఇంటిల్లిపాదీ అదే అన్నారు.

"గప్పటి సంది ప్రతి ఐతారం ఒక్కపొద్దు ఉంటాన" అంది అత్తమ్మ. "ముప్పై ఏండ్లు దాటింది. తప్పు తీరుతదేమో అని."

ఆదివారాలు ఆమె ఒక్కపూటే తింటుందని నాకు తెలుసు. భక్తి అనుకున్నాను. బెల్లంముక్కకు ముప్పై ఏళ్ళు ఒక మనిషి కడుపు మాడ్చుకోవడమేమిటి? నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "నీ తప్పేం లేదు అత్తమ్మా. డాక్టరమ్మ చెప్పింది గద" అన్నాను.

ఇంటికి వచ్చాక తిన్నగా పెరట్లోకి నడిచింది. బావి పక్కన బండ మీద కూర్చుని, కొప్పు విప్పుకుని, "నాకు తలకు పొయ్యి" అంది.

నీళ్ళు కాచాను. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి పిసికాను. ఆమె తలను నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. జుట్టు పలచబడింది, కానీ జిడ్డు మాత్రం కుదుళ్ళ దాకా పట్టి ఉంది. మొదటిసారి రుద్దితే నురగే రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి రుద్దుతుంటే ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని మాట్లాడింది.

"మా అత్త కూడ గిట్లనే పెట్టేదే నూనె. మిగిలింది మొహానికి తుడిచేది. మస్తు ప్రేమ నేనంటె. నేనంటె ఎంత ప్రేమ ఉంటే గంత నూనె పోసింది. మల్ల తప్పు నీదే అన్నది. ఆమె ఇప్పుడు లేకపాయె. నేను నీకు పెట్టిన. నేను కూడ తప్పు నీదేనా అని అడిగిన. ఎవల మీద కోపం చేసుకోవాలె బిడ్డా, చెప్పు?"

"నా మీద చేసుకో అత్తమ్మా. అలవాటే గద నాకు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

ఆమె భుజాలు కదులుతున్నాయి. చెంబుతో నీళ్ళు పోయబోయి ఆగాను. కుంకుడు పులుసు కళ్ళలోకి జారిందేమోనని కంగారుపడ్డాను. "కండ్లల్ల పడ్డదా అత్తమ్మా? మండుతాందా?"

"పడలేదే" అంది. "ఏడుస్తాన. నువ్వు రుద్దు."